వాషింగ్టన్ అనే ఇంటిపేరు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. ఒకే ఇంటిపేరున్న అమెరికన్ల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్, 1983లో చికాగో మేయరైన హెరాల్డ్ వాషింగ్టన్, గాయని డైనా, నటుడు డెంజెల్... మనిషికో పేరా. బాగానే సేకరించావు. కానీ అసలు ప్రశ్న ఎక్కడా అడగలేదు. ఈ పేరు వీళ్లకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

మనకి ఇంటిపేరు పుట్టుకతోనే వచ్చేస్తుంది, దాని గురించి పెద్దగా ఆలోచించం. నీకూ అందుకే అనుమానం రాలేదేమో. 2000 నాటి అమెరికా జనగణన చూడు. ఈ ఇంటిపేరు ఉన్నవాళ్లు 1,60,000 పైచిలుకు. వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది నల్లవాళ్లే. జార్జ్ వాషింగ్టన్‌కేమో సొంత పిల్లలే లేరు. బానిసలు తమలో తాము ఇంటిపేర్లు పెట్టుకున్నా యజమానుల లెక్కల్లో అవి ఎక్కడం అరుదు. 1865లో బానిసత్వం రద్దయ్యాక చాలామంది తమ పేరు తామే చెప్పుకున్నారు.

నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. ఆగాల్సింది అక్కడే. వర్జీనియాలో బానిసగా పుట్టాడు. స్వేచ్ఛ వచ్చాక వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్ వెళ్లి, మారుతండ్రితో పాటు ఉప్పు బట్టీలో పనిచేశాడు. మారుతండ్రి నింపే పీపాల మీద 18 అని వేసేవారు. అక్షరం ముక్క రాని ఆ పిల్లాడు మొదట గుర్తుపట్టడం నేర్చుకున్నది ఆ అంకెనే.

తర్వాత బడి. పంతులు హాజరు పిలుస్తున్నాడు. అందరికీ రెండేసి పేర్లు, కొందరికి మూడు. తనకున్నది బుకర్ ఒక్కటే. తన వంతు వచ్చేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి, ఎంత టెన్షనో ఊహించు. వంతు వచ్చింది. పుట్టినప్పటి నుంచీ అదే తన పేరైనట్టు 'బుకర్ వాషింగ్టన్' అన్నాడు నిబ్బరంగా. ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు ఇదంతా. ఆ చోటికి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. తల్లి తనకి టాలియాఫెరో అని కూడా పేరు పెట్టిందని తర్వాతెప్పుడో తెలిసి, దాన్ని మధ్యలో చేర్చుకున్నాడు.

'అధ్యక్షుడి మీద అభిమానంతో ఈ పేరు పెట్టుకున్నాడు' అని రాశావు. కొట్టెయ్. మారుతండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గసన్. ఆ క్షణంలో పిల్లాడి మనసులో ఉన్నది ఎవరో నువ్వు తేల్చేయకు.

డైనా అసలు పేరు రూత్ జోన్స్. ఆమెది పాట కోసం వచ్చిన పేరు, ఒక్క వాక్యం చాలు. జార్జ్ వాషింగ్టన్ కార్వర్‌ని మాత్రం తప్పకుండా చేర్చు. 1896లో బుకర్ పిలిస్తే, బుకర్ నడిపే టస్కెగీ విద్యాసంస్థలో పనికి వచ్చిన వ్యవసాయ శాస్త్రవేత్త ఆయన. చివరనున్న కార్వర్, పుట్టినప్పుడు ఆయన్ని బానిసగా ఉంచుకున్న యజమాని ఇంటిపేరు.

మొదట్లో పెట్టిన 'ఇంటిపేరు కస్తూరివారు' సామెత తీసెయ్. పేరు కోసం ఇంత పడ్డవాళ్ల దగ్గర ఆ వెటకారం నాకు నచ్చలేదు.

మళ్లీ రాసి పంపు. ఈసారి పీపా మీది 18తో మొదలుపెట్టి చూడు.

నీ అన్నయ్య