డబ్బాలు అచ్చుకు ఇచ్చే ముందు

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పూతరేకులు, పచ్చళ్లు ఒకే పేరుతో అమ్మాలని నువ్వూ మీ మరిదీ పూనుకోవడం చాలా సంతోషం. కానీ డబ్బాలు అప్పుడే అచ్చుకు ఇవ్వకండి. ఆహార భద్రత లైసెన్సు వచ్చింది, జీఎస్టీ నంబరు వచ్చింది, ఇక పేరు మనదే కదా అని రాశావు. కాదమ్మా. మొదటిది సరుకు తయారు చేసి అమ్ముకోవడానికి అనుమతి, రెండోది పన్ను లెక్క కోసం. రేపు కంపెనీ పెట్టి నమోదు చేయించినా అంతే. పేరును కాపాడేది 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం (ట్రేడ్‌మార్కు అంటే సరుకు ఎవరిదో తెలిపే పేరు లేదా గుర్తు), దాని కింద విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

నువ్వు అనుకున్న పేర్లు, ఊరి పేరున్న "ఆత్రేయపురం పూతరేకులు", "కమ్మని రుచులు", రెండూ పనికిరావు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ఊరి ప్రత్యేక సరుకు అని చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. ఆ పేరు అక్కడ వాటిని చుట్టే వాళ్లందరి ఉమ్మడి సొత్తు, ఏ ఒక్కరూ దాన్ని తమ ట్రేడ్‌మార్కుగా చేసుకోలేరు. నువ్వు అక్కడే తయారు చేయిస్తున్నావు కనుక ఆ పేరు వాడుకునే అనుమతి ఉన్న అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకో, ఊరి పేరు డబ్బా మీద ధైర్యంగా వేసుకోవచ్చు. ఇక "కమ్మని రుచులు" అనేది సరుకు గుణం చెప్పే మాట. అలాంటి మాటలకు చట్టంలోని 9వ సెక్షన్ అడ్డు వస్తుంది. ఒకవేళ ఎలాగో నమోదైనా పక్క వీధివాడు తన పచ్చడిని కమ్మనిది అనకుండా ఆపలేవు. "స్వగృహ" అనే మాట ఎన్ని మిఠాయి దుకాణాల బోర్డుల మీద ఉందో నీకు తెలుసు. ఆ మాట చూసి ఇది ఫలానావారి సరుకు అని ఎవరు చెప్పగలరు? దేవుళ్ల పేర్లూ, పురాణాల పేర్లూ వద్దు. అగరుబత్తులకు "రామాయణ్" పేరును ఒకరి సొంతం చేయడానికి 2015లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తిండితో సంబంధం లేని మాట వెతుకు, లేదా నువ్వే ఒక కొత్త మాట కల్పించు. జనానికి అలవాటు కావడానికి కాస్త సమయం పడుతుంది, అయినా నిలబడేది అదే.

పేరు దొరికాక ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుకు. అక్షరాలు వేరైనా పలికితే ఒకేలా వినిపించే పేర్లు కూడా చూడు, అధికారులూ అలాగే చూస్తారు. సరుకులు, సేవలు కలిపి 45 తరగతులు ఉన్నాయి. పచ్చళ్లు 29లోకి, పూతరేకులు, కారప్పొడులు 30లోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే ఒక్కో తరగతికి వ్యక్తులకు 4,500 రూపాయలు. సంస్థ పేరున పెట్టినా ఉద్యం సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు పత్రం) ఉంటే అంతే, లేకపోతే 9,000. ఆ సర్టిఫికెట్‌కు రుసుము లేదు, ముందే తీసుకో. రెండు తరగతులకూ విడివిడి దరఖాస్తులు పెట్టు, ఒకదానికి అభ్యంతరం వస్తే రెండోది ఆగిపోదు. ముందు పేరును మాటగా నమోదు చేయించు, బొమ్మ సంగతి తర్వాత. బొమ్మ మారినా మాట మారదు.

దరఖాస్తు ఎవరి పేరున అన్నది ఇప్పుడే తేల్చుకోండి. పెట్టుబడి నీదీ మీ మరిదిదీ అయినప్పుడు నీ ఒక్కదాని పేరునో, అతని ఒక్కడి పేరునో వద్దు. భాగస్వామ్య పత్రం రాసుకుని సంస్థ పేరునే పెట్టండి, విడిపోతే పేరు ఎవరికి చెందుతుందో కూడా అందులోనే రాయండి. ఈ మాట ఎత్తడానికి మొహమాటపడకు. అన్నదమ్ములు ఆస్తులు పంచుకుని, దుకాణం పేరు దగ్గర కోర్టుకెక్కిన ఇళ్లు నేను చూశాను.

ఆ పేరుతో మొదటి డబ్బా అమ్మిన రోజు నుంచే బిల్లులు, లేబుళ్లు, ప్రకటనలు తేదీలతో దాచు. మన చట్టంలో ముందు వాడినవారి హక్కు చాలా బలమైనది. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నమోదు కన్నా ముందు నుంచి వాడుతున్నవారి హక్కే గొప్పదని 2015లో కోర్టు చెప్పింది. ఇంకా అమ్మకం మొదలుకాకపోతే దరఖాస్తులో పేరు వాడబోతున్నట్టుగానే రాయి. పాత తేదీ వేయించమని ఎవరైనా సలహా ఇస్తే వినకు, దానికి అఫిడవిట్, ఆధారాలు ఇవ్వాలి.

దరఖాస్తు పెట్టి మరిచిపోయేవాళ్లే ఎక్కువ. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై కార్యాలయం కిందికి వస్తాయి. పరిశీలకుడు అభ్యంతరం రాస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. అది తిరస్కారం కాదు, కంగారు పడకు. ఆమోదిస్తే పేరు రిజిస్ట్రీ ప్రచురించే జర్నల్‌లో వస్తుంది, ఎవరైనా వ్యతిరేకించడానికి 4 నెలల గడువుంటుంది. అలా ఎవరైనా వ్యతిరేకిస్తే రెండు నెలల్లో నీ జవాబు దాఖలు కాకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. అప్పుడు మాత్రం మంచి న్యాయవాదిని పెట్టుకో, అక్కడ పొదుపు పనికిరాదు. దరఖాస్తు పెట్టగానే పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ గుర్తు మాత్రం నమోదు పూర్తయ్యే దాకా వేయకు, అది నేరం. నమోదైతే దరఖాస్తు తేదీ నుంచి 10 ఏళ్లు, ఆ తర్వాత పదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు.

ఈ వారంలో ఇద్దరూ కూర్చుని నాలుగైదు పేర్లు అనుకుని నాకు రాయండి. వెతికి చూసి ఏది నిలుస్తుందో చెబుతాను. అచ్చు వేసేవారికి అడ్వాన్సు ఇచ్చి ఉంటే, డబ్బా డిజైను మాత్రమే చేయమని, పేరు తర్వాత ఇస్తామని చెప్పు.

మీ అమ్మకు నా ఆశీస్సులు, అల్లుడు గారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య