వ్యోమనౌకలో బూజు ఎక్కడిది?

ప్రశ్న: పాడుబడిన వ్యోమనౌకలో సాగే హారర్ గేమ్ ఒకటి తయారుచేస్తున్నాను. గోడలకు తుప్పు, మూలల్లో బూజు, మిణుకుమనే లైట్లు, నేలమీద నెత్తురు... అన్నీ పెట్టాను. ఆడి చూసిన స్నేహితులు మాత్రం "పాత రైసుమిల్లులా ఉంది" అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ స్నేహితులకు కళ్లున్నాయి. మీరు పెట్టినవన్నీ భూమ్మీద కొంపలు పాడుబడే తీరు. సాలీడే లేనిచోట బూజు ఎవరు పట్టించారు? వ్యోమనౌకల్లో ఎక్కువగా వాడే అల్యూమినియానికి ఎర్రతుప్పు రాదు. లెవెల్ డిజైన్‌లోకి, అంటే గేమ్‌లో ఆటగాడు తిరిగే చోట్లను తీర్చే పనిలోకి, కొత్తగా వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: ఈ నౌక ఎలా చచ్చింది? కరెంటు పోయా, గాలి పోయా, మనుషులు దిగి వెళ్లిపోయా? గోడలకూ నేలకూ అద్దే తుప్పు, మరకల బొమ్మలు (టెక్స్చర్లు) ఆ తర్వాత.

నిజంగా జరిగినదే ఒకటి చూడండి. 1985 ఫిబ్రవరిలో సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూత్-7తో సంబంధాలు తెగిపోయాయి. అప్పుడు లోపల ఎవరూ లేరు. ఒక సెన్సర్ చెడి బ్యాటరీలు ఛార్జి కావడం ఆగింది, దాంతో లోపలి వేడీ పోయింది. జూన్‌లో వ్యోమగాములు జానిబెకోవ్, సవినిఖ్ వెళ్లి తలుపు తీస్తే చీకటి, గోడలనిండా మంచు. ఎంత చలో చూద్దామని గోడమీద ఉమ్మితే క్షణాల్లో గడ్డకట్టింది. ఉన్ని టోపీలు పెట్టుకుని పనిచేశారు. బరువు తెలియని అలాంటి చోట ఫ్యాన్లు తిరగకపోతే వదిలిన ఊపిరి మొహం దగ్గరే ఉండిపోతుంది, తలనొప్పి మొదలవుతుంది. బతికున్న నౌకలో ఫ్యాన్ల హోరు ఎప్పుడూ ఆగదు. కాబట్టి మీ గేమ్‌లో వెనక మోగే ఆ హోరు తీసేయండి, ఆటగాడి ఊపిరి చప్పుడు మాత్రం ఉంచండి. సగం టెన్షన్ అక్కడే వస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చేది ఇంకొకటి. లోపల బల్లమీద రస్కులు, ఉప్పు బిళ్లలు ఉన్నాయి. అతిథికి రొట్టె, ఉప్పు పెట్టడం రష్యన్ల మర్యాద. ముందు సిబ్బంది వెళ్తూ, తర్వాత వచ్చేవాళ్లకోసం పెట్టి వెళ్లారు. మీ నెత్తురు మరకలన్నీ కలిపినా ఇంత కథ చెప్పవు. మీ నౌకలోనూ అలాంటి బల్ల ఒకటి ఉండాలి.

ఇక గురుత్వాకర్షణ. మీ నౌక గిరగిరా తిరుగుతూ బరువు పుట్టించేది కాకపోతే, ఆటగాడు నేలమీద నడుస్తున్నాడంటే దాన్ని ఏదో యంత్రం నడుపుతూ ఉండాలి, అంటే ఎక్కడో కరెంటు ఉన్నట్టే. మధ్యలో అది ఆగి మళ్లీ వచ్చిందనుకుంటే, తేలుతున్న గిన్నెలూ కాగితాలూ ఎక్కడివక్కడ దబ్బున పడి ఉండాలి, షెల్ఫుల్లో బుద్ధిగా సర్ది కాదు. మిణుకుమనే లైట్లలో ఒక్కటే ఉంచి, దాని వైరు ఏ బ్యాటరీకి వెళ్తుందో గోడమీద కనబడేలా గీయండి.