బఫెలో వెళ్తున్న మేనకోడలికి, చక్రాల సంగతి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "డాలస్‌లో హాయిగా ఉన్న పిల్ల ఆ బఫెలో ఊరి మంచులోకి పోతోందిరా. పైగా కారుకున్న మంచి చక్రాలు పీకించి చిన్నవి వేయిస్తుందట. డబ్బుకి ఇబ్బందిగా ఉందేమో, నువ్వైనా కనుక్కో" అంది. నవ్వాపుకోలేకపోయాను. ఆ ఎస్‌యూవీకి 20 అంగుళాల చక్రాలు తీసేసి 17కి దిగాలని నీ అంతట నీకే తోచిందంటే మావయ్యకి గర్వంగా ఉండదూ! ఆ బుద్ధి రావడానికి నాకు పెన్సిల్వేనియాలోని ఈరీలో మూడు చలికాలాలు పట్టింది. అయినా రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీ ఆలోచన సరైనదే. చిన్న రిమ్ముకైతే సన్నటి టైరు వేసుకోవచ్చు. కారు బరువు ఎటూ అంతే. ఆ బరువంతా సన్నటి టైరు మీద పడితే అది మంచుని కోసుకుని కిందున్న రోడ్డుని పట్టుకుంటుంది. గడ్డపలుగు దిగినట్టు పార దిగదు కదా, అదే లెక్క. వెడల్పు టైరు తడిమంచు మీద తేలిపోతుంది. గట్టి ఐసు మీద మాత్రం సన్నదైనా పెద్ద లాభం లేదు, అక్కడ రబ్బరే దిక్కు. చలి 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే దిగిందంటే మామూలు టైరు బిగుసుకుపోతుంది, వింటర్ టైరు మెత్తగానే ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచురేకు బొమ్మ ఉందో లేదో చూసుకో. ఉత్త ఎం, ఎస్ (మడ్, స్నో) అక్షరాలు చూసి కొనకు.

నీ 255/45 ఆర్ 20 టైరు (255 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 45 శాతం పక్క గోడ ఎత్తు, 20 అంగుళాల రిమ్ము) బదులు 235/65 ఆర్ 17 వేస్తే చక్రం మొత్తం ఎత్తు మారదు. కాగితం మీద వేసి చూశాను, రెండూ 737 మిల్లీమీటర్లే, స్పీడోమీటర్‌కి ఏమీ కాదు. టైరు పక్క గోడ ఎత్తు పెరుగుతుంది కాబట్టి మార్చిలో గుంతలు పడ్డప్పుడు రిమ్ములూ బతుకుతాయి. కానీ 17 రిమ్ములో నీ ముందు బ్రేకు కాలిపర్ (బ్రేకు డిస్కుని నొక్కిపట్టే భాగం) పడుతుందో లేదో కొనకముందే అడుగు. లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె, ఇప్పుడున్న టైరు కన్నా తగ్గకూడదు. నాలుగూ మార్చు. ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం) ఉందిగా, రెండు చాలంటావా, నేనే వచ్చి తాళాలు లాక్కుంటాను. అది కారుని కదిలిస్తుందే గానీ ఆపదు. అక్టోబర్లోనే షాపులో టైమ్ తీసుకో, మొదటి మంచు పడ్డాక నీకు దొరకదు.

ఇవన్నీ నువ్వు చదివే ఉంటావు. నా భయం నట్ల గురించి.

2002 డిసెంబర్. అందరూ ఎండాకాలంలో వస్తారు, మీ అమ్మ మాత్రం మంచు చూడాలని నిన్ను చంకనేసుకుని అప్పుడు వచ్చింది. నీకు నాలుగేళ్ళు. ధనుర్మాసం కదా, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్దామంది. నేను ముందురోజే గరాజ్‌లో కూర్చుని వేరేవాళ్ళ దగ్గర చవగ్గా కొన్న చిన్న రిమ్ములు నా చేత్తోనే బిగించాను. పాత చక్రాల నట్లే వీటికీ వాడాను. మరలోకి చక్కగా ఎక్కాయి, గట్టిగానే పట్టాయి. ఇంకేం కావాలి అనుకున్నాను.

పొద్దున్నే 79 నంబరు హైవే మీద దక్షిణంగా బయల్దేరాం. మీ అమ్మ వెనక సీట్లో విష్ణు సహస్రనామం, పక్కన పులిహోర డబ్బా, నువ్వు నిద్ర. కాసేపటికి స్టీరింగ్ వణకడం మొదలైంది. చక్రాల్లోపల మంచు పేరుకుంటే అలాగే వణుకుతుంది, నాకది అలవాటే. మంచేలే అనుకుని పోనిచ్చాను. మీడ్‌విల్ అనే ఊరు దాటాక టక్ టక్ మని చప్పుడు. అప్పటికి గానీ ఆపలేదు. దిగి చూస్తే ముందు ఎడమ చక్రానికి ఐదు నట్లలో రెండు లేవు. మిగతా మూడూ వేళ్ళతో తిప్పితే తిరుగుతున్నాయి.

నా కాళ్ళు వణికింది చలికి కాదు.

కారు లాక్కెళ్ళడానికి వచ్చిన పెద్దాయన నట్టొకటి అరచేతిలో పెట్టి చూపించాడు. దాని అడుగు బంతిలా గుండ్రం. నా కొత్త రిమ్ముల్లో నట్టు కూర్చునే గుంటేమో గరాటులా కోసుగా ఉంది. రెండూ ఒక సన్నటి గీత మేర తప్ప తాకవు. బిగిసినట్టే ఉంటుంది, నడిచేకొద్దీ వదులవుతుంది. ఆయన తిట్టలేదు. వెనక సీట్లో నిన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, అంతే. ఆ రాత్రి మోటెల్లో పులిహోర తిని పడుకున్నాం. ఆ ఏడు స్వామి దర్శనం కాలేదు.

కాబట్టి కొత్త రిమ్ములకి ఏ ఆకారం నట్లు కావాలో అడుగు. షాపువాళ్ళే బిగించినా అడుగు. నసపెడుతున్నావంటే మా మావయ్య పిచ్చివాడని చెప్పు, పర్లేదు. 50 మైళ్ళు నడిపాక టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానాతో) మళ్ళీ బిగించి చూడాలి, నీ కారు మాన్యువల్లో ఎంతుంటే అంత, ఎక్కువ కాదు. స్టీరింగ్ వణికితే మంచే కావచ్చు, అయినా పక్కకి ఆపి దిగి చూడు.

గాలి సంగతి చెప్పనే లేదు. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోయినప్పుడల్లా టైర్లో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (ఒత్తిడి కొలత) తగ్గుతుంది, నెలకోసారి చూసుకో. ఇంకొకటి, బఫెలోలో రోడ్లు మూశారంటే నీ టైర్లు ఎంత మంచివైనా ఇంట్లోనే ఉండు. 2022 క్రిస్మస్ మంచు తుఫాన్లో కార్లలో చిక్కుకుని చనిపోయినవాళ్ళున్నారు. ట్రంకులో ఒక రగ్గు, ఒక పార, తినడానికేదైనా పెట్టుకో. నీకు చలి అసలు ఆగదు, చిన్నప్పటినుంచీ అంతే.

నా టార్క్ రెంచ్ పార్సిల్ చేస్తున్నాను, పాతదే గానీ బాగా పనిచేస్తుంది. మొదటి 50 మైళ్ళయ్యాక దాంతో బిగించి నాకు ఫోన్ చెయ్యి.

మీడ్‌విల్ సంగతి మాత్రం మీ అమ్మతో అనకు. ఆ రోజు టైరు పంక్చరైందనే ఆవిడకి ఇప్పటికీ తెలుసు.

మీ మావయ్య