ఐబీ ఉండగా మళ్లీ ‘రా’ ఎందుకు పెట్టారు?

1968 వరకు దేశం లోపలి నిఘా, బయటి నిఘా రెండూ ఇంటెలిజెన్స్ బ్యూరోయే (ఐబీ) చూసేది. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధాల్లో బయటి సమాచారం ఎంత పలచగా ఉందో తేలిపోయింది. దాంతో ఇందిరాగాంధీ ప్రభుత్వం 1968 సెప్టెంబరులో ఆ పనిని విడదీసి, ఆర్.ఎన్. కావ్ సారథ్యంలో ‘రా’ (రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్)ను ఏర్పాటు చేసింది. ఐబీ హోంశాఖ కింద, రా కేబినెట్ సచివాలయం కింద పనిచేస్తాయి.

సినిమాల్లో చూపించినట్టు వీటికి అరెస్టు చేసే అధికారం లేదు. భద్రతా విధానం నిర్ణయించేదీ ఇవి కావు, ప్రధాని అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం.

నా దృష్టిలో అసలు చిక్కు, వచ్చిన సమాచారం చేరాల్సిన చోటికి చేరకపోవడం. 1999 కార్గిల్ యుద్ధం తర్వాత వేసిన కార్గిల్ సమీక్షా సంఘం కూడా సంస్థల మధ్య సమన్వయ లోపాన్ని ఎత్తిచూపింది. ఆ తర్వాత ఐబీలో, నిఘా సంస్థలు సమాచారం పంచుకునేందుకు మల్టీ ఏజెన్సీ సెంటర్ పెట్టారు. 2008 ముంబై దాడులు జరిగాక గానీ దాన్ని గట్టిపరచలేదు.