జనవరిలో కాదు, నవంబర్‌లో రావాలి

ప్రశ్న (ఖమ్మం): అన్నా, మీరు అమెరికాలో తుపాకీ హక్కుల పక్షం అని బాహాటంగానే రాస్తారు. మరి మీ వర్జీనియాలో మీవాళ్లు వరసగా ఓడిపోతున్నారంటే జనం మీ మాట ఒప్పుకోవడం లేదనేగా?

జవాబు: కొంత నిజమే తమ్ముడూ, అంతా కాదు. మాకు, అంటే రిపబ్లికన్లకు, అసలు దెబ్బ 2019లో తగిలింది. అంతకుముందు వర్జీనియా రాష్ట్ర దిగువ సభలో రిపబ్లికన్లు 51, డెమొక్రాట్లు 49, అందులోనూ ఒక సీటు 2017లో ఓట్లు సమానంగా వస్తే గిన్నెలోంచి చీటీ తీసి మావాడికి ఇచ్చారు. అది చూసైనా మేలుకోవాల్సింది. 2019 మే 31న వర్జీనియా బీచ్‌లో ఒకడు 12 మందిని కాల్చి చంపాడు, డెమొక్రాట్ గవర్నర్ నార్తమ్ తుపాకీ నియంత్రణ బిల్లుల కోసం జూలైలో ప్రత్యేక సమావేశం పిలిస్తే మావాళ్లు గంటన్నరలో వాయిదా వేసి వెళ్లిపోయారు. డెమొక్రాట్లు తెచ్చిన ఆ బిల్లులు ఆ ఘోరాన్ని ఆపేవని నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ మాట సభలో నిలబడి, ఒక్కో బిల్లూ చేతిలో పట్టుకుని చెప్పాలి కదా! చెప్పకుండా వెళ్లిపోతే శివారు కాలనీల్లో పిల్లల్ని బడికి పంపే తల్లులకు మేము జవాబు లేనివాళ్లలా కనిపించాం. నవంబర్‌లో రెండు సభలూ పోయాయి, 55-45, 21-19. రిచ్‌మండ్ శివారులో మా సెనేటర్‌ని ఓడించింది హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ గారు, అదే ఆవిడ మొదటి పోటీ. 2025లో లెఫ్టినెంట్ గవర్నర్‌గానూ గెలిచారు. తుపాకుల విషయంలో ఆవిడకీ నాకూ అస్సలు పడదు, అయినా గెలుపు గెలుపే.

ప్రశ్న (విజయవాడ): ఓడినప్పుడల్లా మోసం, బయటి డబ్బు, కోర్టు అంటారు మీ పక్షంవాళ్లు. మీరూ అంతేనా అండీ?

జవాబు: మోసం అని నేను అననమ్మా. డబ్బు మాత్రం నిజం, కోటీశ్వరుడు బ్లూమ్‌బర్గ్ అండ ఉన్న, తుపాకీ నియంత్రణ కోరే ఎవ్రీటౌన్ సంస్థ 2019 ఎన్నికకు 25 లక్షల డాలర్లు ప్రకటించింది. కోర్టు కూడా నిజమే, జాతి లెక్కతో గీశారని 11 నియోజకవర్గాలను తప్పుపట్టడంతో హద్దులు మారాయి. కానీ 2015లో 29 శాతం ఉన్న పోలింగ్ 42 శాతానికి ఎక్కింది, ఆ పెరిగిన ఓటర్లలో ఎక్కువమందిని మేము పలకరించనే లేదు. తుపాకీ హక్కుల సంస్థ ఎన్‌ఆర్‌ఏ ప్రధాన కార్యాలయం ఉన్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోనే మా చివరి దిగువ సభ సభ్యుడూ ఓడిపోయాడు!

ఓడాక 90కి పైగా కౌంటీలు, పట్టణాలు తుపాకీ హక్కులకు అండగా తీర్మానాలు చేశాయి, 2020 జనవరి 20న రిచ్‌మండ్‌లో దాదాపు 22 వేల మంది పోగయ్యారు, అంతా ప్రశాంతంగా జరిగింది, నాకు గర్వంగానే ఉంది. అయినా చట్టాలు ఆగలేదు, ఎందుకంటే రావాల్సింది జనవరి సభకు కాదు, నవంబర్ ఓటుకు. నెలకు ఒక్క హ్యాండ్‌గన్ మాత్రమే కొనాలనే నిబంధన 1993లో వచ్చింది, 2012లో మేము గెలిచి ఉన్నప్పుడు తీసేశాం, 2020లో మళ్లీ వచ్చింది. సభలో ఎవరు కూర్చున్నారన్న దాన్నిబట్టే అది వచ్చిపోతోంది. అదే ఫిబ్రవరిలో అసాల్ట్ రైఫిళ్ల నిషేధాన్ని సెనేట్ కమిటీలో వాయిదా వేయించింది రిపబ్లికన్లతో కలిసిన నలుగురు డెమొక్రాట్లు. ఓటు భయం ఉంటే అవతలి పార్టీవాళ్లు కూడా వింటారు, నాకైతే అలాగే అర్థమైంది.

ప్రశ్న (యాష్‌బర్న్, వర్జీనియా): డెమొక్రాట్ స్పాన్‌బర్గర్ గవర్నర్‌గా గెలిచారు కదా, ఇప్పుడే ఒక గన్ కొనిపెట్టుకోమంటున్నారు ఫ్రెండ్స్. సుప్రీంకోర్టు ఉంది, టెన్షన్ ఎందుకు అంటున్నారు ఇంకొందరు.

జవాబు: కావాలనుకుంటే కొనండి, ముందు ట్రైనింగ్ తీసుకోండి, ఇంట్లో పిల్లలుంటే సేఫ్‌లో పెట్టండి. సుప్రీంకోర్టు 2008లో, మళ్లీ 2022లో మా హక్కును గట్టిగా నిలబెట్టింది, కాదనను. కానీ ఒక్కో కేసుకి ఏళ్లు పడతాయి, స్టే రాకపోతే ఈలోగా చట్టం అమలవుతూనే ఉంటుంది. 2024లో, 2025లో రైఫిళ్ల నిషేధం ఆగింది అప్పటి రిపబ్లికన్ గవర్నర్ యంగ్‌కిన్ వీటో వల్ల, ఆ వీటో 2021లో మేము ఓట్లతో సంపాదించుకున్నది. ఇప్పుడు అది లేదు, దిగువ సభలో డెమొక్రాట్లవి వందలో 64 సీట్లు. 2027 నవంబర్‌లో రెండు సభలకూ ఎన్నికలు. మీకు పౌరసత్వం ఉంటే ఓటు నమోదు చూసుకోండి, రాత్రి డ్యూటీలు చేసే మనవాళ్లకు ఆత్మరక్షణ అంటే ఏమిటో మీ లౌడన్ కౌంటీలో పక్కింటివాళ్లకు ఇప్పటినుంచే చెప్పండి. వాళ్లు మనకు ఓటేయనివాళ్లయితే మరీ మంచిది.