యూజర్లు సైటు మానేస్తే దాన్ని సమ్మె అనొచ్చా?

"జీతం లేదు, యజమాని లేడు. రెండు రోజులు లాగిన్ కాకపోవడాన్ని సమ్మె అనడం అతి కాదా?" అని అడిగారు. చాలాసార్లు అతే. అయితే జీతం లేకపోవడం వల్ల కాదు. ఆపింది వాడకమా, పనా అన్నది చూడాలి. వాడకం ఆపితే బహిష్కరణ, పని ఆపితే సమ్మె.

ఈ గీత మొదటి నుంచీ కాస్త మసకే. 1880లో ఐర్లండ్‌లో చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేట్ ఏజెంటును ఊరంతా వెలివేసింది, బహిష్కరణకు ఇంగ్లిష్‌లో వాడే 'బాయ్‌కాట్' అన్న మాట పుట్టిందే అక్కడ. కానీ అతన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది పలకరింపులు లేకపోవడం కాదు, పంట కోయడానికి కూలీలు రాకపోవడం. బయటి నుంచి మనుషుల్ని తెచ్చి, సైన్యం కాపలాతో కోయించాల్సి వచ్చింది.

2023 జూన్‌లో రెడిట్ అనే చర్చావేదిక సైటులో జరిగినదాన్ని చాలామంది సమ్మె అన్నారు. బయటి యాప్‌లు సైటు సమాచారాన్ని తీసుకునే దారి అయిన ఏపీఐకి కంపెనీ వెయ్యి కాల్స్‌కు (అంటే వెయ్యిసార్లు అడిగితే) 0.24 డాలర్ల ధర పెట్టేసరికి, రెడిట్ చూడటానికి వాడే అపోలో అనే బయటి యాప్ తయారీదారు తనకు ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్లు అవుతుందని లెక్క చెప్పాడు. జూన్ 12న వేల సబ్‌రెడిట్లను, అంటే అందులోని గ్రూపులను, వాటిని జీతం లేకుండా చూసుకునే మోడరేటర్లు బయటివారికి కనబడకుండా ప్రైవేట్ చేశారు. నన్నడిగితే అది బంద్. తమ పని ఆపడం కన్నా అందరి తలుపులూ మూయడమే అందులో ప్రధానం. తేడా ఎక్కడ బయటపడిందంటే, ఆ తలుపుల తాళాలు కంపెనీ దగ్గరే ఉన్నాయి. తెరవకపోతే మిమ్మల్ని మారుస్తామంది, చాలామంది తెరిచారు. పైగా 48 గంటలే అని చాలాచోట్ల ముందే ప్రకటించారు. ముగింపు తేదీ తెలిసిన ఒత్తిడికి ఎవరూ లొంగరు, ఓపిక పడతారు. జూన్ 30న అపోలో మూతపడింది. మరుసటి ఏడాది నుంచి సబ్‌రెడిట్‌ను ప్రైవేట్ చేయాలంటే కంపెనీ అనుమతి తప్పనిసరి అయింది.

2023 జూన్ 5న స్టాక్ ఎక్స్‌ఛేంజ్ అనే ప్రశ్న-జవాబుల సైట్ల మోడరేటర్లు మొదలుపెట్టినది మాత్రం నిఖార్సైన సమ్మె. ఏఐతో రాసిన జవాబులను తొలగించకుండా కంపెనీ తమ చేతులు కట్టేసిందన్నది గొడవ. సైటు తెరిచే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. ఫ్లాగ్‌లు (పోస్టులపై యూజర్లు పంపే ఫిర్యాదులు) చూడటం, పోస్టులు మూయడం, స్పామ్ పట్టే స్మోక్ డిటెక్టర్ అనే బాట్‌ను నడపడం మాత్రం ఆగిపోయాయి. డిమాండ్లు రాసిచ్చారు, చర్చలకు ప్రతినిధులను ఎన్నుకున్నారు, ముగింపు తేదీ పెట్టలేదు. ఆగస్టు మొదట్లో ఒప్పందంతో ముగిసింది.

మీ దగ్గర జరుగుతున్నది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవాలంటే మర్నాడు ఫ్లాగ్‌ల క్యూ చూడండి. పని పేరుకుపోతుంటే సమ్మె. సందర్శకుల సంఖ్య మాత్రమే తగ్గితే బహిష్కరణ. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు: "మరీ ఘోరమైనవి మాత్రం తీసేద్దాం" అని తలా కొంచెం చేస్తూ పోతారు, క్యూ పెరగదు, కంపెనీకి నొప్పి తెలియదు. బెదిరింపులు, పిల్లల భద్రత లాంటివి ఆపకూడదు, నిజమే. ఆసుపత్రి సమ్మెలో అత్యవసర విభాగాన్ని మినహాయించినట్టు వాటిని మొదటి రోజే పేరుపేరునా రాసి పెట్టుకోవాలి, మిగతాది ముట్టుకోకూడదు. ఒకరి బదులు ఇంకొకరిని కూర్చోబెట్టడం ఎంత సులువో కూడా ముందే లెక్కేసుకోవాలి. మీమ్స్ గ్రూపుకు కొత్త మోడరేటర్ సాయంత్రానికల్లా దొరుకుతాడు, ప్రత్యేక పరిజ్ఞానం అవసరమైన గ్రూపుకు అంత తేలిగ్గా దొరకడు.

తిరిగి వచ్చే ఉద్దేశం లేకుండా వెళ్లిపోతే అది రెండూ కాదు, వలస. 2010లో డిగ్ అనే లింకులు పంచుకునే సైటు కొత్త రూపం నచ్చక యూజర్లు రెడిట్‌కు తరలిపోవడం అలాంటిదే.

ఇక "జీతం లేనివాడికి సమ్మె ఏమిటి" అనేవారికి ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఉదాహరణ చాలు. చాట్‌రూములు చూసుకునే వాలంటీర్లకు అక్కడ షిఫ్టులు, శిక్షణ, రిపోర్టులు అన్నీ ఉండేవి. మేం చేసింది కూలి ఇవ్వాల్సిన పనే అని 1999లో కొందరు దావా వేశారు. 2010లో 1.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. రాజీ కాబట్టి వాళ్లు ఉద్యోగులా కాదా అన్నది కోర్టు తేల్చలేదు.