క్రైమ్ సిరీస్ చూసే అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

గుంటూరు నుంచి ఒక తండ్రి గారు రాసిన ఉత్తరం సారాంశం ఇది. వారి అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చినప్పుడు ‘ఢిల్లీ క్రైమ్’, ‘పాతాళ్ లోక్’, ‘దహాడ్’ సిరీస్‌లు వరుసగా చూసింది. ఆ తరువాత నీట్ రాయనని, ఫోరెన్సిక్ సైన్స్ చదువుతానని చెప్పింది. వారం తిరగకముందే ఆ మాట మార్చి క్రిమినల్ సైకాలజీ అంది. భోజనాల దగ్గర కులం గురించి, పోలీసుల గురించి, ఎన్‌కౌంటర్ల గురించి వాదిస్తోంది. వాళ్ల తాతగారు మాటల మధ్యలో ‘స్టువర్టుపురం బుద్ధులు’ అన్నందుకు కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. ఈ రెండు కోర్సుల్లో ఏది మేలో పోల్చి చెప్పమని, లేదా ఫోన్ తీసేసుకుని లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్చమంటారా అని ఆయన అడుగుతున్నారు.

అయ్యా, మీరు అడిగిన పోలిక తప్పకుండా చెబుతాను. అయితే మీ ఉత్తరంలో కోర్సుల గురించి ఉన్నవి నాలుగు వాక్యాలే. మిగిలిన పేజీన్నర మీ అమ్మాయి ఇంట్లో మాట్లాడుతున్న మాటల గురించి ఉంది. ఈ రెండు మూడేళ్లలో ఇటువంటి ప్రశ్నతో నా దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. పిల్ల ఏ ఉద్యోగం చేస్తుందోనన్న బెంగ కంటే, పిల్ల మన చేయి దాటి పోతోందేమోనన్న భయమే వారిలో ఎక్కువగా కనిపించింది. మీది కూడా అదే భయమని నాకు అనిపిస్తోంది. కాబట్టి ముందు దానికి జవాబు చెబుతాను.

మీ అమ్మాయి ఏం చూసిందో మీరు చూశారా? ‘ఢిల్లీ క్రైమ్’ రెండో సీజన్ 2022లో వచ్చింది. వరుస హత్యలు జరగగానే పోలీసులు ఒకప్పుడు నేరస్థ జాతులుగా ముద్రపడిన కులాల వారిని ఇళ్లలో నుంచి పట్టుకొచ్చి స్టేషన్లో కూర్చోబెట్టడం, ఆ పని సరైనదేనా అని దర్యాప్తు నడిపే పోలీసు అధికారిణే తనను తాను ప్రశ్నించుకోవడం అందులో ప్రధానమైన విషయం. ఆ ముద్ర 1871లో బ్రిటిష్ వారు తెచ్చిన చట్టంతో మొదలైంది. పుట్టుకతోనే మనిషిని దొంగగా లెక్కగట్టిన ఆ చట్టం మార్పులతో కొనసాగి 1952లో రద్దయింది. మీ ఇంటికి రెండు గంటల ప్రయాణ దూరం కూడా లేని స్టువర్టుపురం, ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను నిర్బంధంగా ఉంచడానికి ఏర్పడిన సెటిల్‌మెంట్. చట్టం రద్దయి డెబ్బై ఏళ్లు దాటినా ఆ ఊరి పేరు మన ఇళ్లలో తిట్టుగానే మిగిలింది. పదిహేడేళ్ల పిల్ల ఎక్కడో ఢిల్లీ కథ చూసి, తన జిల్లా పక్కనే ఉన్న ఊరిని గుర్తుపట్టి, తాతగారి మాటలో ఉన్న అన్యాయాన్ని పట్టుకుంది. పెద్దవారి ముందు కంచం వదిలి లేవడం మర్యాద కాదు, ఆ మాట ఆమెకు చెప్పండి. కానీ ఆ చరిత్ర ఆమెకు పాఠ్యపుస్తకం కంటే ముందు ఒక సిరీస్ చెప్పవలసి వచ్చినందుకు బాధపడవలసినది మనం.

ఎన్‌కౌంటర్ల మాట కూడా అంతే. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, అత్యాచారం, హత్య కేసులో అరెస్టయిన నలుగురు పోలీసుల కాల్పుల్లో చనిపోయినప్పుడు, ఆ పోలీసుల మీద జనం పూలు చల్లారు. మీరూ నేనూ ఆ ఉదయం టీవీ ముందే ఉన్నాం. తరువాత సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్, ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చిన రోజున మన ఇళ్లలో ఎంతమంది దాని గురించి మాట్లాడుకున్నారు? మీ అమ్మాయి అడుగుతున్నది ఆ ప్రశ్నే. దాన్ని మీరు ‘రాజకీయాలు ఎక్కించుకోవడం’ అని రాశారు. న్యాయస్థానం తేల్చవలసినది తుపాకీ తేల్చవచ్చా అని అడగడం పౌరురాలి మొదటి పాఠం. దాన్ని చెడిపోవడంగా చూడకండి.

మీరు అనుమానిస్తున్న మరో సిరీస్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘దహాడ్’లో హంతకుడు ఏళ్ల తరబడి దొరకకపోవడానికి కారణం అతని తెలివి ఒక్కటే కాదు. కూతురు ఎవరితోనో వెళ్లిపోయిందని తెలియగానే పరువు పోతుందని కుటుంబాలు ఫిర్యాదు చేయలేదు. కట్నం ఇచ్చుకోలేని ఇంట్లో ఒక ఆడపిల్ల తగ్గడం కొందరికి ఊరటగా కూడా అనిపించింది. ఎవరూ వెతకని ఆడపిల్లలనే అతను ఎంచుకున్నాడు. కేసు పట్టుకున్న ఎస్సై దళిత యువతి. ఆమెను కులం పేరుతో గడప దగ్గరే ఆపే సన్నివేశం కూడా అందులో ఉంది. ఆడపిల్ల తండ్రిగా ఆ ఎనిమిది భాగాలూ మీరు ఒక్కసారి చూడాలని నా కోరిక. ఈ సిరీస్‌లన్నీ పెద్దల కోసం తీసినవి, వాటిలో హింస ఉంటుంది, భాష కటువుగా ఉంటుంది. అందువల్ల ఆమెను హెడ్‌ఫోన్లతో గదిలో ఒంటరిగా వదిలేయడం నాకూ ఇష్టం లేదు. దానికి మందు ఫోన్ లాక్కోవడం కాదు, పక్కన కూర్చోవడం.

ఇక కోర్సుల విషయానికి వస్తాను. ఫోరెన్సిక్ సైన్స్ మీద నాకు గౌరవం ఉంది, ఇప్పుడు నడుస్తున్న మోజు మీద మాత్రం అనుమానం ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఉంది. ఈ ఒక్క నిబంధనను పట్టుకుని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ‘వేల ఉద్యోగాలు’ అంటూ బ్రోచర్లు వేస్తున్నాయి. అవసరం పెరుగుతుందన్న మాట నిజమే. కానీ ప్రభుత్వ ల్యాబుల్లో పోస్టు పడాలంటే మంజూరు కావాలి, నోటిఫికేషన్ రావాలి, అవి ఎప్పుడు వస్తాయో ఆ బ్రోచర్ వేసినవారు చెప్పలేరు. పైగా చాలా ల్యాబ్ పోస్టులకు కెమిస్ట్రీ, జువాలజీ, బోటనీ, ఫిజిక్స్ వంటి సబ్జెక్టుల్లో ఎమ్మెస్సీ చేసినవారు కూడా అర్హులే. అంటే మూడేళ్లకు లక్షలు పోసి ఫోరెన్సిక్ బీఎస్సీ చేసిన అమ్మాయికి, మంచి కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో తక్కువ ఫీజుతో చదివిన అమ్మాయే పోటీ అవుతుంది. రెండో అమ్మాయికి ఔషధ పరిశ్రమ తలుపు కూడా తెరిచే ఉంటుంది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో సీటు వస్తే మాత్రం నేను వద్దనను. అది కాకుండా ఊరికొకటిగా వెలిసిన కోర్సుల్లో చేర్చేముందు, అక్కడ సొంత ల్యాబు ఉందా, కోర్టులో సాక్ష్యం చెప్పిన అనుభవం ఉన్న అధ్యాపకుడు ఒక్కరైనా ఉన్నారా అని స్వయంగా వెళ్లి అడగండి.

ఆ పని ఎలా ఉంటుందో మీ అమ్మాయికి కూడా తెలియాలి. తెర మీద ఒక వెంట్రుక దొరికితే పది నిమిషాల్లో హంతకుడి ఫోటో కంప్యూటర్ మీద కనిపిస్తుంది. నిజమైన ల్యాబులో మనిషి రోజంతా విసెరా, అంటే మృతుల లోపలి అవయవాల నమూనాలు ఉన్న సీసాల మధ్య కూర్చుని, ఎక్కడో జరిగిన మరణానికి కారణం ఏ పురుగుమందో తేల్చి, రిపోర్టు రాసి, రెండు మూడేళ్ల తరువాత సమన్లు వస్తే వేరే జిల్లా కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెబుతారు. దర్యాప్తు వారి చేతిలో ఉండదు, నిందితుడిని వారు ప్రశ్నించరు. ఓపిక ఉన్నవారికి అది గొప్ప పని. ‘ఎందుకు జరిగింది’ అని అడిగే మనిషికి మాత్రం అక్కడ జవాబు దొరకదు, ఎందుకంటే ఆ ప్రశ్న ఆ ల్యాబు పరిధిలోది కాదు. ఈ శాస్త్రానికి తనవైన హద్దులు కూడా ఉన్నాయి. అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ 2009లో ఇచ్చిన నివేదిక, డీఎన్‌ఏ పరీక్షను మినహాయిస్తే, పంటిగాట్ల పోలిక వంటి పద్ధతులు ఒక ఆధారాన్ని ఒక వ్యక్తితోనే ముడిపెట్టగలవని శాస్త్రీయంగా రుజువు కాలేదని చెప్పింది. సీరియళ్లు పెంచిన నమ్మకంతో ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి.

క్రిమినల్ సైకాలజీ గురించి ఇంకా నిర్మొహమాటంగా చెప్పాలి. నేరం తీరును బట్టి నేరస్థుడి మనస్తత్వాన్ని అంచనా వేసే ‘ప్రొఫైలర్’ అనే ఉద్యోగం మన రాష్ట్రాల పోలీసు స్టేషన్లలో నేను చూడలేదు. ఆ పేరుతో ఆన్‌లైన్‌లో ఆరు నెలల సర్టిఫికెట్లు అమ్ముతున్నారు. వాటికి ఒక్క రూపాయి కూడా కట్టకండి. మనసును చదవడం మీద నిజమైన ఆసక్తి ఉంటే సైకాలజీ డిగ్రీ, పీజీ చేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న క్లినికల్ శిక్షణ పొందాలి. అది ఏడెనిమిదేళ్ల దారి. ఆ దారిలో వెళ్లినవారికి జైళ్లలో, బాల నేరస్థుల గృహాల్లో, డీఅడిక్షన్ కేంద్రాల్లో చేతినిండా అవసరమైన పని ఉంది. సీరియళ్లలో చూపించే నార్కో పరీక్ష, అంటే మందు ఇచ్చి మగతలో నిజం చెప్పించే ప్రయత్నం, దాని సంగతి ఆమెకు తప్పక చెప్పండి. వ్యక్తి అంగీకారం లేకుండా ఆ పరీక్ష చేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లో సెల్వీ కేసులో తీర్పు చెప్పింది.

మీరు అడగని దారి ఒకటి ఉంది. నా దృష్టిలో మీ అమ్మాయి ప్రశ్నలకు అదే దగ్గర. అది ఐదేళ్ల లా. బైపీసీ చదివినవారికి అది ‘గ్రూపు మారడం’ అవుతుందని తల్లిదండ్రులు ఎందుకు బాధపడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏ గ్రూపు వారైనా చేరవచ్చు. హైదరాబాద్‌లోని నల్సార్ లా విశ్వవిద్యాలయంలోనో, విశాఖ దగ్గరి దామోదరం సంజీవయ్య లా విశ్వవిద్యాలయంలోనో సీటు వస్తే సరే, అక్కడ ఫీజు ఏటా లక్షల్లో ఉంటుంది. రాకపోతే మీ ఊరి పక్కనే ఉన్న నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోని లా కాలేజీలో చదివినా న్యాయవాది న్యాయవాదే. మన దేశపు జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలు. లాయరును పెట్టుకోలేని నిందితుల కోసం జిల్లా కోర్టుల్లో జీతమిచ్చి న్యాయవాదులను నియమించే పద్ధతి 2022 నుంచి విస్తరిస్తోంది. ‘పాతాళ్ లోక్’లో నిందితుల బాల్యాన్ని, ఊళ్లను వెతుక్కుంటూ వెళ్లిన ఇన్‌స్పెక్టర్ చేసిన పనిలో సగం నిజానికి మంచి డిఫెన్స్ న్యాయవాది చేయవలసిన పని. కష్టం కూడా దాచను. మొదటి మూడు నాలుగేళ్లు సంపాదన చాలా తక్కువగా ఉంటుంది. జూనియర్ సివిల్ జడ్జి కావాలన్నా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే నెలలో మళ్లీ తప్పనిసరి చేసింది. అన్నేళ్లు ఇంటి నుంచి నిలబెట్టగల స్థోమత మీకు ఉందని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను.

ఒకవేళ ఆమెకు ఇటువంటి కథలు రాయాలని ఉంటే అందుకూ కంగారు పడకండి. అమెరికాలో 2002 నుంచి 2008 వరకు వచ్చిన ‘ది వైర్’ బాల్టిమోర్ నగరంలో మత్తుమందుల వ్యాపారంతో మొదలై, ఓడరేవు కార్మికుల మీదుగా, నగర రాజకీయాలు, ప్రభుత్వ బడులు, చివరికి పత్రికా కార్యాలయం వరకు ఒక్కొక్క సీజన్లో ఒక్కొక్క వ్యవస్థను చూపించింది. దాన్ని సృష్టించిన డేవిడ్ సైమన్ అదే నగరంలో పత్రికా విలేఖరి. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ హత్యకేసుల డిటెక్టివ్‌గా పనిచేసి, తరువాత బడిలో పాఠాలు చెప్పినవాడు. రాయడానికి ముందు వారికి చూసిన జీవితం ఉంది. లా చదివినా, జర్నలిజం చదివినా, సోషియాలజీ చదివినా ఆమెకూ అది దొరుకుతుంది. ఇంటర్ కాగానే స్క్రీన్‌ప్లే డిప్లొమాలో చేర్చవలసిన అవసరం లేదు.

నీట్ లాంగ్ టర్మ్ గురించి నా మాట సూటిగా వినండి. వద్దని చెప్పిన పిల్లను ఏడాదిపాటు గదిలో పెట్టి చదివించి, ర్యాంకు రాక, మీతో మాట కూడా మానేసిన పిల్లలను నేను చూశాను. డాక్టరు కావాలన్న కోరిక ఆమెదా, మీదా అన్నది ఈ రాత్రి మీ శ్రీమతిని అడగండి. ఆవిడకు తెలిసే ఉంటుంది. వాదించే ఆడపిల్లకు పెళ్లి కాదేమోనని మీ ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టివేశారు. కొట్టివేసినా కనిపిస్తోంది. ఆ వాక్యం ఆమె ముందు ఎప్పుడూ అనకండి.

ఫీజు కట్టే తొందర ఇప్పుడు లేదు. పబ్లిక్ పరీక్షలు అయ్యాక ఒక పనిదినాన సెలవు పెట్టి, ఆమెను గుంటూరు జిల్లా కోర్టుకు తీసుకువెళ్లండి. మామూలు విచారణలు బహిరంగంగానే జరుగుతాయి, వెనుక బెంచీ మీద కూర్చుని చూడవచ్చు. వాయిదాలు పడడం, సంకెళ్లతో వచ్చిన కుర్రవాడి తల్లి వరండాలో నిలబడి ఉండడం, గుమాస్తాల హడావుడి, వీలైతే ఒక నిపుణుడి సాక్ష్యం, ఇవన్నీ ఆమె చూస్తుంది. నేపథ్య సంగీతం లేకుండా అవి చూసిన తరువాత కూడా ఆమెకు అక్కడ ఎవరి కుర్చీలో కూర్చోవాలనిపించిందో అడిగి, ఆమె చెప్పిన జవాబును మీ మాటల్లో కాక ఆమె మాటల్లోనే నాకు రాసి పంపండి. కాలేజీల పేర్లు, ఫీజులు, ప్రవేశ తేదీలు అప్పుడు ముగ్గురం కలిసి చూద్దాం.